కిటికీ సీటు సరే, ఏ వైపు?

వెబ్ చెక్-ఇన్ తెరవగానే సీట్ల పటం వస్తుంది. కిటికీ పక్కన ఖాళీగా ఉన్నదేదో ఒకటి నొక్కి, బోర్డింగ్ పాస్ ఫోన్‌లో దాచుకుని మళ్లీ పనిలో పడిపోతాం. మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా ఉన్న ఆఫీసుల్లో నెలకోసారైనా శంషాబాద్ దారి పట్టేవాళ్లకు కొదవ లేదు. బెంగళూరులో టీమ్ మీటింగ్, ముంబైలో క్లయింట్, ఢిల్లీలో ట్రైనింగ్, పండక్కి విశాఖ. నడవ పక్కనా, కిటికీ పక్కనా అని అందరం ఆలోచిస్తాం. కిటికీ అనుకున్నాక ఎడమా, కుడా అని ఆలోచించేవాళ్లు మాత్రం తక్కువ. ఆ గంట ప్రయాణంలో గోదావరి కనిపిస్తుందా, రెక్క మీది పెచ్చులూడిన రంగు కనిపిస్తుందా అన్నది తేలేది అక్కడే.

ముందు అక్షరాల సంగతి. విమానం ముక్కు వైపు ముఖం పెట్టి కూర్చుంటే ఎ అనేది ఎడమ కిటికీ, ఎఫ్ అనేది కుడి కిటికీ. ఇటు మూడు, అటు మూడు సీట్లుండే ఎయిర్‌బస్ 320లోనూ బోయింగ్ 737లోనూ ఇంతే. రాజమండ్రి, కడప వెళ్లే ఏటీఆర్‌లో వరుసకు నాలుగే సీట్లున్నా ఎ, సి, డి, ఎఫ్ అని రాస్తారు కాబట్టి కిటికీ అక్షరాలు మారవు.

ఏ వైపు బాగుంటుందని నన్ను చాలామంది అడుగుతారు. నేను వాళ్లని తిరిగి ఒకటే అడుగుతాను: మీకేం చూడాలనుంది? నది చూడాలనుకునేవాళ్లకు ఒక వైపు, సొంత ఊరు వెతుక్కునేవాళ్లకు ఇంకో వైపు, సూర్యాస్తమయం కోసం కూర్చునేవాళ్లకు మరో వైపు. చూడదలచుకున్నదాన్ని ముందు రాత్రి తేల్చుకుంటే సీటు దానంతట అదే తేలుతుంది. మ్యాప్ తెరిచి, బయల్దేరే ఊరికీ చేరే ఊరికీ మధ్య గీత గీసి, మనకు కావలసింది గీతకు ఏ పక్కన ఉందో చూడటమే పని. పది నిమిషాలు చాలు. అయితే గాలి, ఎండ, రెక్క అనే మూడూ ఆ గీతను కాస్త తారుమారు చేస్తుంటాయి. వాటి సంగతి కూడా తెలిస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

నగరం ఏ కిటికీలోంచి కనిపిస్తుంది?

2008 మార్చి దాకా మన విమానాలన్నీ బేగంపేటలో, ఊరి నడిబొడ్డున దిగేవి. హుస్సేన్‌సాగర్ కిటికీ పక్కనే ఉండేది. శంషాబాద్‌కి మారాక నగరం దూరమైంది, కానీ కనపడకుండా పోలేదు. ఎటు చూడాలో తెలియాలి.

శంషాబాద్‌లో రెండు రన్‌వేలూ తూర్పు పడమరలుగా, పక్కపక్కనే ఉన్నాయి. తూర్పు ముఖంగా వాడినప్పుడు వాటిని 09 అంటారు, అంటే దిక్సూచిలో 90 డిగ్రీలు. పడమర ముఖంగా వాడితే 27, అంటే 270 డిగ్రీలు. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి పడమటి నుంచి కొడుతుంది కాబట్టి విమానాలు ఎక్కువగా పడమర ముఖంగా పరుగెత్తుతాయి. చలికాలంలో గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వస్తుంది, అప్పుడు తూర్పు ముఖం. హైదరాబాద్ నగరం యావత్తూ ఈ రన్‌వేలకు ఉత్తరాన ఉంది. పడమర ముఖంగా వెళ్తుంటే ఉత్తరం మన కుడి చేతి వైపు. తూర్పు ముఖంగా వెళ్తుంటే ఎడమ చేతి వైపు.

అంటే నగరం కావాలంటే వానాకాలంలో ఎఫ్, చలికాలంలో ఎ. ఎక్కేటప్పుడూ ఇదే, దిగేటప్పుడూ ఇదే, ఏ ఊరికి వెళ్తున్నా ఇదే. ఎండాకాలంలో గాలి మారుతూ ఉంటుంది. అప్పుడు ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో ఆ సాయంత్రం విమానాలు ఎటు లేస్తున్నాయో ఒకసారి చూడండి. మర్నాడు కూడా అటే లేచే అవకాశమే ఎక్కువ.

వానాకాలంలో ఎఫ్ సీటు ఎందుకంత విలువైనదో చెబుతాను. విమానం పడమరకు లేచి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) దాటుతుండగానే కుడివైపు హిమాయత్‌సాగర్ వస్తుంది. దాని వెనక, ఇంకాస్త ఉత్తరంగా, గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచెత్తిన తరువాత, అలాంటి వరద మళ్లీ రాకూడదని కట్టినవి ఈ రెండూ. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. పై నుంచి చూస్తే రెండు చెరువులూ ఒకే ఆలోచనలో పుట్టాయని తెలిసిపోతుంది. నగరానికి నైరుతిన, పడమట రెండు నదుల్నీ ఊరిలోకి రాకముందే పట్టి ఆపాయి.

ఇప్పుడు ఆ నీళ్ల వెనక్కి చూడండి. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, వాటి వెనక రాయదుర్గం, మాదాపూర్ టవర్లు ఒక గోడలా నిలబడి ఉంటాయి. చెరువులకు ఇటు పక్క, మొయినాబాద్, చేవెళ్ల వైపు, పొలాలూ తోటలూ ఉంటాయి. 1996 మార్చిలో వచ్చిన 111 జీవో ఈ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో భారీ కట్టడాలను ఆపింది. ఆ జీవో ఉండాలా పోవాలా అన్న వాదన ఈనాటికీ నడుస్తోంది. రోజూ ఓఆర్‌ఆర్ మీద కారులో వెళ్లినా ఆ హద్దు మన కంటికి ఆనదు. ఎఫ్ సీటులోంచి అరనిమిషంలో కనిపిస్తుంది: ఇటు పచ్చదనం, అటు కాంక్రీటు, మధ్యలో నీళ్లు. ఈ నగరపు నీళ్లకూ, మనం కొనాలనుకుంటున్న ఫ్లాటుకూ ఉన్న సంబంధం గురించి ఇంత సూటిగా చెప్పే దృశ్యం నేలమీద ఎక్కడా దొరకదు. అందుకే ఈ ఐటీ కారిడార్‌లో పనిచేసే ప్రతివాళ్లూ ఒక్కసారైనా జులైలోనో ఆగస్టులోనో పగటి విమానంలో ఎఫ్ సీటు తీసుకోవాలని నా కోరిక.

చలికాలం రాత్రి తిరిగి వస్తున్నట్టయితే ఎ సీటు. పడమటి నుంచి తూర్పు ముఖంగా దిగేటప్పుడు ఎడమవైపు ఓఆర్‌ఆర్ దీపాల వంపు, గచ్చిబౌలి వైపు ఎత్తైన వెలుగులు, వాటికీ మనకీ మధ్య రెండు చీకటి మచ్చలు కనిపిస్తాయి. ఆ చీకటి మచ్చలే చెరువులు. 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్‌లో ఒక ముక్కే ఆ కిటికీలో పడుతుంది, కానీ వలయం ఎంత పెద్దదో అంచనా కట్టడానికి అది చాలు.

ఇక్కడే ఇంకో సంగతి. రెండు వైపులా చూడవలసినవి ఉండి తేల్చుకోలేకపోతుంటే దిగే చోటును బట్టి నిర్ణయించండి. మొదటి ఇరవై నిమిషాలు, చివరి ఇరవై నిమిషాలే నేల దగ్గరగా ఉండేది. మధ్యలో 35 వేల అడుగుల ఎత్తులో దిగంతం 370 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది గానీ, మన దేశపు గాలిలో ఉండే దుమ్ము, తేమ వల్ల అందులో సగం కూడా స్పష్టంగా కనిపించదు. ఆ రెండు ఇరవైల్లో ల్యాప్‌టాప్ ఎలాగూ మూసి ఉంచమంటారు. ఆ సమయాన్ని కిటికీకి ఇచ్చేయండి, మధ్యలో మెయిల్స్ చూసుకోండి.

ఎండ ఏ పక్క?

ఎండ పడని వైపు కూర్చోమని అందరూ చెబుతారు. కొండలకూ, ఊళ్లకూ, ఫోటోలకూ ఆ మాట నిజమే. పొద్దున ఉత్తరానికి వెళ్లే ఢిల్లీ విమానంలో సూర్యుడు కుడివైపు ఉంటాడు, కాబట్టి ఎడమ కిటికీ చల్లగా, రంగులు తేటగా ఉంటాయి. సాయంత్రమైతే దీనికి తలకిందులు. దక్షిణానికి వెళ్లే బెంగళూరు, తిరుపతి, చెన్నై విమానాల్లో పొద్దున సూర్యుడు ఎడమవైపు. తూర్పు పడమరల ప్రయాణాల్లో చలికాలమంతా సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు. విశాఖ వెళ్తుంటే కుడివైపు, ముంబై వెళ్తుంటే ఎడమవైపు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు హైదరాబాద్‌కు నడినెత్తి మీదుగా కాస్త ఉత్తరానికి జరుగుతాడు. నీడ మాయమయ్యే రోజులని ఏటా రెండుసార్లు పేపర్లో వచ్చేది ఆ కాలానికి మొదట ఒకటి, చివర ఒకటి. ఆ నెలల్లో మధ్యాహ్నం విమానమైతే ఎండ గురించి ఆలోచించే పనే లేదు.

కానీ తెలంగాణ మీదుగా పొద్దున్నే వెళ్తుంటే నేను కావాలనే ఎండ వైపు కూర్చుంటాను. చెరువుల కోసం.

అక్టోబరు చివర, చెరువులు నిండి, వానలు గాలిని కడిగేసిన రోజుల్లో తొలి ఢిల్లీ విమానం ఎక్కి కుడి కిటికీలోంచి చూడండి. లేచిన పావుగంటకు నేలంతా బూడిద రంగులో ఒకేలా ఉంటుంది. సూర్యుడు ఇంకా పైకి రాలేదు. సిద్దిపేట, సిరిసిల్ల వైపు చూపు నిలిపితే ఉన్నట్టుండి ఒక చోట నేల భగ్గుమని వెలుగుతుంది. రెండు క్షణాల్లో ఆరిపోతుంది. దాని పక్కన ఇంకోటి వెలుగుతుంది, దాని కింద మరోటి. నీటి మీద పడిన ఎండ సరిగ్గా మన కంటికి తగిలే కోణం విమానంతో పాటు ముందుకు కదులుతుంటుంది. ఆ కోణంలోకి వచ్చిన ప్రతి చెరువూ వంతు ప్రకారం మెరుస్తుంది. ఒక చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు, అక్కణ్నించి దాని కింది చెరువుకు వెళ్లేలా కాకతీయుల కాలంలో కట్టిన గొలుసు ఏ దారిన పోతుందో ఆ మెరుపుల వరసను బట్టి పట్టుకోవచ్చు. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులని లెక్క చెప్పారు. ఆ అంకె కాగితం మీద చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. కిటికీలోంచి ఇరవై, ముప్పై వరసగా మెరిశాక, మన పల్లెలు ఎక్కడ పుట్టాయో, ఎందుకు అక్కడే పుట్టాయో అర్థమైంది. మధ్యలో మెరుపు ఆగకుండా చాలాసేపు వెలిగితే అది మల్లన్నసాగర్ లాంటి పెద్ద జలాశయం అన్నమాట.

ఎండకు వ్యతిరేకంగా ఉన్న వైపు కూర్చున్నవాళ్లకు దక్కేది వేరే ఉంది. కింద మబ్బు దుప్పటిలా పరుచుకుని ఉన్నప్పుడు, సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున, మబ్బు మీద మన విమానం నీడ పడుతుంది. ఆ నీడ చుట్టూ చిన్న గుండ్రని రంగుల వలయం ఉంటుంది. మబ్బులోని నీటి బిందువులు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపడం వల్ల ఏర్పడుతుంది. నేల కనిపించని వానాకాలపు రోజున అదే మన పంట.

మన దారులు

ఒక జాగ్రత్త చెప్పి మొదలుపెడతాను. విమానం గీసిన గీత మీద నడవదు. వాతావరణాన్ని బట్టి, ఇతర విమానాలను బట్టి అటూ ఇటూ జరుగుతుంది. గీతకు మరీ దగ్గరగా ఉన్నదాన్ని నమ్ముకుంటే అది విమానం పొట్ట కిందకి వెళ్లిపోయి రెండు కిటికీల్లోనూ కనిపించదు. పక్కకు ఇరవై నుంచి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నవాటిని ఎంచుకుంటే గురి తప్పదు.

విజయవాడకు కుడి. కృష్ణ చాలావరకు దారికి దక్షిణంగానే సాగుతుంది. నాగార్జునసాగర్ దూరంగా, ఆ తరువాత ప్రకాశం బ్యారేజీ, గన్నవరంలో దిగే ముందు అమరావతి వైపు నేల. తిరిగి వచ్చేటప్పుడు ఎడమ.

రాజమండ్రికి కూడా కుడే, కానీ ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మన రాష్ట్రాల్లో కిటికీ ప్రయాణానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. ఏటీఆర్ ఎక్కితే ఇంకా మంచిది. దాని రెక్క మన తల మీదుగా ఉంటుంది కాబట్టి కిందికి చూపు అడ్డం లేకుండా పోతుంది. జెట్ విమానం కన్నా తక్కువ ఎత్తులో ఎగురుతుంది కాబట్టి కాలవ గట్టు, గట్టు మీద కొబ్బరి చెట్ల వరస, వరిమడి అంచు దాకా కనిపిస్తాయి. మధురపూడి విమానాశ్రయం ఊరికి ఉత్తరాన ఉంది. పడమటి నుంచి వస్తూ గోదావరి దాటేటప్పుడు కుడివైపు వంతెనలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెన, 1974 నాటి రైలు-రోడ్డు వంతెన, విల్లుల వరసలా ఆర్చి వంతెన. వాటి కింద ధవళేశ్వరం. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన చోటు అదే. అక్కడి నుంచి నది గౌతమిగా, వసిష్ఠగా చీలడం, ఆ చీలిక మధ్య కోనసీమ పచ్చగా విచ్చుకోవడం ఒకే చూపులో అందుతుంది. పుస్తకంలో డెల్టా అని త్రిభుజం గీసి చూపిస్తారే, అది ఇక్కడ కళ్లారా చూడొచ్చు. వరద నెలల్లో నీళ్లు ఎర్రగా ఉంటాయి, జనవరిలో ఇసుక తిన్నెలే ఎక్కువ. పాపికొండలు చూడాలనుకునేవాళ్లు మాత్రం ఎడమ కూర్చోవాలి, అవి ఊరికి ఎగువన, వాయవ్యంగా ఉన్నాయి.

విశాఖకూ కుడే. పాపికొండల దగ్గర గోదావరి దాదాపు కిందుగా వెళ్తుంది, డెల్టా కుడి పక్కన దూరంగా పరుచుకుంటుంది, ఆ తరువాత కాకినాడ తీరం దగ్గరపడుతూ వస్తుంది. ఎడమవైపు కూర్చున్నవాళ్లకు తూర్పు కనుమలు. సముద్రం అక్కర్లేదు, మన్యం కావాలి అనుకునేవాళ్లకు అదీ మంచి బేరమే.

తిరుపతికి దారిలో శ్రీశైలం డ్యామ్, నాగార్జునసాగర్ ఎడమవైపు. నల్లమల అటూ ఇటూ కూడా. పొద్దున్నే వెళ్తే ఎడమ కిటికీలో కృష్ణ మెరుస్తుంది. కానీ దిగే చోటును బట్టి నిర్ణయించమన్నాను కదా. రేణిగుంట దగ్గరపడేటప్పుడు శేషాచలం కొండలు కుడివైపు. విమానం తూర్పుకు వెళ్లి తిరిగి పడమర ముఖంగా దిగే రోజైతే కొండలు చివరిదాకా కుడివైపే ఉంటాయి. పడమటి నుంచి దిగే రోజైతే ఆఖరి నిమిషాల్లో ఎడమకు మారతాయి. ఏడుకొండలవాడి కొండ కోసమే కూర్చునేవాళ్లకు ఎఫ్ చెబుతాను.

చెన్నైకి ఎడమ, పులికాట్ సరస్సు, శ్రీహరికోట కోసం. బెంగళూరుకు కర్నూలు, తుంగభద్ర కావాలంటే కుడి, దిగే ముందు నందికొండలు కూడా అటే. ముంబైకి సాయంత్రం వెళ్తే ఎడమ: పడమరకు వెళ్తున్న కొద్దీ సూర్యుడి వెంట పరుగెత్తుతున్నట్టే కాబట్టి అస్తమయం నేలమీది కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది.

రెక్క, కిటికీ లేని కిటికీ సీటు

వైపు సరిగ్గా ఎంచుకుని రెక్క మీద కూర్చుంటే ఏం లాభం? ఎయిర్‌బస్ 320లో సుమారు తొమ్మిదో వరుస నుంచి ఇరవై దాకా రెక్క అడ్డం. ముందు వరుసలు అన్నిటికన్నా మంచివి, కానీ వాటికి అదనపు రుసుము తీసుకుంటారు. వెనక వరుసలు చవక. ఇంజిన్ వేడిగాలికి వెనక దృశ్యం కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది, అంతే. గంట ప్రయాణానికి అది పెద్ద లోపం కాదు. బోయింగ్ 737లో రెక్కకు కాస్త ముందు, ఏసీ గొట్టాలు పోయే చోట గోడకు కిటికీ ఉండదు. పటంలో మాత్రం అది కూడా కిటికీ సీటే. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఆకాశ ఎయిర్ విమానాలు ఎక్కేవాళ్లు పది, పదకొండు వరుసల జోలికి పోకుంటే మంచిది.

ఆఫీసు ట్రావెల్ డెస్క్ టికెట్ కొంటే సీటు కూడా వాళ్లే పెట్టేస్తారని కొందరంటారు. చాలాసార్లు వెబ్ చెక్-ఇన్‌లో మార్చుకోవచ్చు. ఎక్కువ సంస్థలు దేశీయ ప్రయాణాలకు రెండు రోజుల ముందే తెరుస్తాయి, తొలి గంటల్లో చూస్తే రుసుము లేని కిటికీలు వెనకవైపు మిగిలే ఉంటాయి.

ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా జీపీఎస్ పనిచేస్తుంది. ముందు రాత్రి ఆ దారి మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని, కిటికీ దగ్గరగా పట్టుకుంటే మీరున్న చోటు నీలి చుక్కలా కదులుతుంది. కింద కనిపించిన డ్యామ్ పేరేమిటో అక్కడికక్కడే తెలుస్తుంది. పేరు తెలిసిన నది, తెలియని నది ఒకేలా కనిపించవు.

దూరపు దారుల్లో

ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రా, గువాహటి, కాఠ్మాండూ వెళ్తుంటే ఎడమ. హిమాలయాలు ఉత్తరాన ఉన్నాయి, మీరు తూర్పుకు వెళ్తున్నారు. తిరుగు ప్రయాణంలో కుడి. హైదరాబాద్ నుంచి బాగ్‌డోగ్రా నేరుగా వెళ్లినా ఎడమే, కాంచనజంగ కోసం. నవంబరులో అయితే మరీ మంచిది. లేహ్‌కు ఢిల్లీ నుంచి పొద్దున విమానాలు కాబట్టి ఎండ కుడివైపు. మంచు మీది వెలుగు చూడటానికి ఎడమ. అయితే లేహ్, శ్రీనగర్ రక్షణ శాఖ విమానాశ్రయాలు. 2025 మేలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పశ్చిమ సరిహద్దు వైపు ఇలాంటి చోట్ల ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కిటికీ తెరలు మూయాలని ఆదేశించింది. సిబ్బంది మూయమంటే మూయండి, ఫోటోలు తీయకండి. అలా మూయాల్సి వస్తే మీ ఇరవై నిమిషాలు మధ్యలోనే వెతుక్కోవాలి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు సీట్లు పెట్టేది ఎక్కువగా ఇక్కడున్న అన్నో అక్కో. లండన్ నుంచో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచో పగలు అట్లాంటిక్ దాటే విమానమైతే కుడివైపు పెట్టండి. సూర్యుడు దక్షిణాన, ఎడమవైపు ఉంటాడు. మబ్బు లేకపోతే కుడివైపు గ్రీన్‌లాండ్ మంచు. న్యూయార్క్ కోసం నెవార్క్‌లో దిగుతుంటే మళ్లీ మన శంషాబాద్ లెక్కే. మన్‌హట్టన్ రన్‌వేకి తూర్పున ఉంది. నైరుతి ముఖంగా, అంటే 22 మీద దిగితే ఎడమవైపు, ఈశాన్య ముఖంగా 04 మీద దిగితే కుడివైపు. ఒక ఊరి లెక్క వచ్చినవాళ్లు ఏ ఊరి లెక్కయినా చేసుకోగలరు.

అమ్మానాన్నలతో కాశీకి

ఈ మధ్య మన కారిడార్ పిల్లలు అమ్మానాన్నల్ని కాశీకి విమానంలో తీసుకెళ్లడం బాగా పెరిగింది. హైదరాబాద్ నుంచి నేరుగా రెండు గంటల దారి. చాలామంది పెద్దవాళ్లకు అదే మొదటి విమానం. మూడు సీట్లు ఒకే వరుసలో పెట్టి, నాన్నను నడవ పక్కన, అమ్మను మధ్యలో కూర్చోబెట్టి, పిల్లలు కిటికీ తీసుకోవడం నేను చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి.

వారణాసి విమానాశ్రయం బాబత్‌పూర్‌లో, ఊరికి వాయవ్యంగా ఉంది. మనం దక్షిణం నుంచి వస్తాం. గంగ దాటేది మీర్జాపూర్‌కీ కాశీకీ మధ్య. అక్కడి నుంచి దిగే దాకా కాశీ కుడివైపు ఉంటుంది. నది ఉత్తరానికి మళ్లి అర్ధచంద్రాకారంగా వంగడం, ఆ వంపు బయటి అంచు పొడవునా ఊరు, ఎదుటి ఒడ్డున ఇసుక. పొద్దున విమానమైతే ఎండ కూడా కుడివైపే, గంగ వెలుగుతూ కనిపిస్తుంది. ప్రయాగ ఎడమవైపు ఉంది గానీ ఎనభై కిలోమీటర్ల దూరం. పొగమంచు లేని రోజున కూడా సంగమాన్ని గుర్తుపట్టడం కష్టం. విమానం తూర్పుకు చుట్టి వచ్చి దిగే రోజైతే ఊరు ఎడమకు మారుతుంది, అయినా అంతకు ముందే చూసేసి ఉంటారు.

కాబట్టి ఎఫ్‌లు రెండు తీసుకోండి, ఒకదాని వెనక ఒకటి. రెక్కకు వెనక, ఇరవై నాలుగులో ఒకటి, ఇరవై అయిదులో ఒకటి. ముందు ఎఫ్‌లో అమ్మ, వెనక ఎఫ్‌లో నాన్న, అమ్మ పక్కన ఇ సీటులో మీరు. నాన్నకు ఏదైనా చూపించాలంటే సీట్ల మధ్య సందులోంచి వెనక్కి తిరిగి చెప్పొచ్చు. దిగడానికి అరగంట ముందు మ్యాప్‌లో నీలి చుక్క మీర్జాపూర్ దగ్గరికి రాగానే అమ్మను లేపండి.